టెస్ట్ ఫైళ్లకి కూడా కవరేజ్ కొలవాలా? మా టీమ్‌లో రెండు మాటలు ఉన్నాయి

వేములపల్లి_పైథాన్:

అందరికీ నమస్తే. నేను నల్గొండలో ఇంటి నుంచే పని చేస్తాను. టీమ్ మొత్తం ఐదుగురం, మిగతా నలుగురు హైదరాబాద్‌లో ఉంటారు. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. లారీ కాంటా మీదికి ఎక్కిన దగ్గర్నుంచి తూకం, తేమ శాతం, తరుగు, బస్తాల లెక్క, హమాలీ కూలి, ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం దాకా అన్నీ అందులోనే నడుస్తాయి. వాడేది పైథాన్, టెస్టులు నడపడానికి పైటెస్ట్, ఆ టెస్టులు నడిచినప్పుడు కోడ్‌లో ఎన్ని లైన్లు రన్ అయ్యాయో (దీన్నే కవరేజ్ అంటారు) కొలవడానికి కవరేజ్ డాట్ పై.

నేను చేరకముందే ఎవరో కవరేజ్ కాన్ఫిగ్‌లో టెస్ట్స్ ఫోల్డర్‌ని ఒమిట్‌లో, అంటే కొలవొద్దు అన్న జాబితాలో, పెట్టేశారు. కొలవాల్సింది అసలు కోడ్‌ని కదా, టెస్టులని కొలిచి ఏం చేస్తాం అని నేనూ ఎప్పుడూ దాని జోలికి పోలేదు. మొన్న యాసంగి వడ్లు వస్తున్నప్పుడు ఒక మిల్లు గుమస్తా ఫోన్ చేశాడు. "రా రైస్ లెక్క ఎక్కువ చూపిస్తోంది సార్, నా పుస్తకంలో ఇంత రావట్లేదు" అన్నాడు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నా, ప్రభుత్వం కొన్న వడ్లని మిల్లుకి ఇచ్చి, మర ఆడించి బియ్యం తిరిగి తీసుకుంటుంది, సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) అంటారు. క్వింటా వడ్లకి రా రైస్ (పచ్చి బియ్యం) అయితే 67 కిలోలు, బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) అయితే 68 కిలోలు మిల్లు అప్పజెప్పాలి. మా ప్రోగ్రామ్ రెండింటికీ 68 వేస్తోంది. చూడటానికి ఒక్క కిలోనే, కానీ వెయ్యి క్వింటాళ్ల వడ్లకి పది క్వింటాళ్ల బియ్యం తేడా వస్తుంది. మిల్లు వాళ్లకి అది చిన్న విషయం కాదు.

దీనికి టెస్ట్ లేదా అంటే, ఉంది. 67 రావాలని రాసిన టెస్ట్ ఫైల్లో కళ్ల ముందే ఉంది, కానీ అది చాలా కాలంగా రన్ కావట్లేదు. ఎవరో ఆ ఫంక్షన్‌ని కాపీ చేసి కింద పేస్ట్ చేసి, లోపల బాయిల్డ్‌కి తగ్గట్టు 68 అని మార్చారు, పేరు మాత్రం మార్చడం మర్చిపోయారు. ఒకే క్లాస్‌లో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉంటే పైథాన్ కింద ఉన్నదాన్నే ఉంచుకుంటుంది, ఎర్రర్ కాదు కదా వార్నింగ్ కూడా ఇవ్వదు. ఆ తర్వాత ఒక మార్పులో రా రైస్ రేటు కూడా 68 అయిపోయింది, ఏ టెస్టూ ఫెయిల్ కాలేదు. రేటు డిక్షనరీలోంచి తీసుకుంటాం కాబట్టి అసలు కోడ్‌లో ఆ లైన్ బాయిల్డ్ టెస్ట్ వల్లే రన్ అయినట్టు పచ్చగా కనపడుతోంది. అంటే కవరేజ్ రిపోర్ట్ ఎంత చూసినా మాకు ఇది దొరికేది కాదు.

అందుకే ఒమిట్ తీసేద్దాం అన్నాను. మా లీడ్ ఒప్పుకోవట్లేదు, ఆయన కారణం కూడా కొట్టిపారేసేది కాదు. మా అసలు కోడ్ 3000 లైన్లు, అందులో 2130 కవర్ అవుతున్నాయి, అంటే 71 శాతం. టెస్ట్ కోడ్ 2000 లైన్లు, అందులో 1900 రన్ అవుతున్నాయి. రెండూ కలిపితే 5000కి 4030, అంటే 80.6. క్లయింట్ పెట్టిన గీత 80. "ఒక్క కొత్త టెస్ట్ కూడా రాయకుండా కాన్ఫిగ్‌లో ఒక లైన్ తీసేసి గీత దాటేస్తామా, వాళ్లకి రేపు తెలిస్తే ఏం చెప్తాం" అంటున్నాడు. మీ దగ్గర ఎట్లా చేస్తున్నారు?

పిల్లలమర్రి_క్యూఏ:

మహబూబ్‌నగర్ నుంచి. కొలవాలి అన్నా, తప్పకుండా కొలవాలి. టెస్ట్ కూడా కోడే కదా, దాన్నీ మనుషులే రాస్తారు, దాంట్లోనూ తప్పులు వస్తాయి. అసలు కోడ్‌ని టెస్ట్ చూసుకుంటుంది, మరి టెస్ట్‌ని చూసుకునేది ఎవరు? అసలు కోడ్‌లో రన్ కాని లైన్ కనపడితే "దీనికి టెస్ట్ రాయలేదు" అని అర్థం, దానికి సవాలక్ష కారణాలు ఉండొచ్చు. టెస్ట్ ఫైల్లో రన్ కాని లైన్ కనపడితే మాత్రం దాదాపు ప్రతిసారీ ఏదో ఒక తప్పు ఉన్నట్టే, ఎందుకంటే రన్ కావడం తప్ప ఆ లైన్‌కి వేరే పని లేదు.

మీకు జరిగిన డూప్లికేట్ పేరు కేసు అందరికీ తగిలేదే. హెచ్‌టీఎంఎల్ రిపోర్ట్‌లో అది ఎట్లా కనపడుతుందో చెప్తాను, గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఫంక్షన్ పేరు రాసే డెఫ్ లైన్ పచ్చగా ఉంటుంది, ఎందుకంటే ఫైల్ ఇంపోర్ట్ అయినప్పుడు ఆ లైన్ రన్ అయిపోతుంది. దాని కింద ఉన్న ఒళ్లంతా ఎర్రగా ఉంటుంది. తల పచ్చ, ఒళ్లు ఎరుపు ఎక్కడ కనపడినా ఆ పేరుతో ఫైల్లో వెతకండి, కింద ఇంకోటి దొరుకుతుంది. లేదంటే పేరు టెస్ట్ అని మొదలు కాలేదేమో చూడండి, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా పైటెస్ట్ దాన్ని పట్టించుకోదు.

ఇంకో రెండు రకాలు నేను చాలాసార్లు చూశాను. ఒకటి పైటెస్ట్ రెయిజెస్ బ్లాక్, అంటే ఇక్కడ ఎర్రర్ రావాలి అని చూసేది. ఎర్రర్ రావాల్సిన లైన్ రాసి, దాని కిందే, అదే బ్లాక్ లోపల, ఎర్రర్ మెసేజ్ సరిగ్గా ఉందా అని అసర్ట్ (సరిచూసే లైన్) రాస్తారు. ఎర్రర్ రాగానే బ్లాక్‌లోంచి బయటికి వచ్చేస్తుంది కాబట్టి ఆ అసర్ట్ జన్మలో రన్ కాదు. దాన్ని ఒక ఇండెంట్ వెనక్కి జరపాలి, అంతే. కోడ్ రివ్యూలో మాత్రం ఇది కంటికి ఆనదు, నలుగురు చూసి అప్రూవ్ చేసినవి కూడా ఉన్నాయి.

రెండోది ఖాళీ లిస్ట్ మీద ఫర్ లూప్. డేటాబేస్ నుంచి వచ్చిన ప్రతి రసీదుకీ మొత్తం సరిపోయిందా అని లూప్‌లో అసర్ట్ పెట్టారనుకోండి. క్వెరీలో సీజన్ పేరు తప్పు పడి ఒక్క రసీదు కూడా రాలేదు. లూప్ లోపలికే పోదు, ఒక్క అసర్ట్ కూడా నడవదు, టెస్ట్ మాత్రం పాస్. పాస్ అని చూసి మనం నిశ్చింతగా పడుకుంటాం. కవరేజ్‌లో అయితే లూప్ లోపలి లైన్ ఎర్రగా వచ్చి కూర్చుంటుంది.

ఇవన్నీ ఎవరి బద్ధకం వల్లో వచ్చేవి కావు. రాత్రి పదింటికి రిలీజ్ టెన్షన్‌లో కాపీ పేస్ట్ చేసే ఎవరికైనా వస్తాయి. అందుకే మనిషి కంటికి వదిలేయకుండా టూల్‌కి అప్పజెప్పాలి అంటాను.

దేవరకొండ_జావా:

నేను మీ లీడ్ వైపు మాట్లాడతాను, తప్పుగా అనుకోవద్దు.

కవరేజ్ అనేది ఒక ప్రశ్నకి జవాబు: మనం అమ్మే కోడ్‌లో ఎంత భాగం టెస్టుల్లో నడిచింది? అందులో టెస్ట్ లైన్లు కలిపితే ప్రశ్నే మారిపోతుంది. మీరే లెక్క చూపించారు, 71 కాస్తా 80.6 అయింది, ఒక్క మిల్లుకీ ఒరిగింది ఏమీ లేదు. పైగా రేపు ఎవరైనా శాతం తగ్గితే పొడవైన టెస్ట్ ఒకటి రాసి పారేస్తారు, అసలు కోడ్ ఒక్క లైన్ కవర్ కాకపోయినా మొత్తం పెరుగుతుంది.

మా జావా వైపు కవరేజ్ కొలిచే జాకోకోని, ప్రాజెక్ట్ బిల్డ్ చేసే మావెన్‌తో వాడితే రిపోర్ట్‌లోకి టార్గెట్ కింద క్లాసెస్ ఫోల్డర్‌లో ఉన్నవే వస్తాయి, టెస్ట్ క్లాసులు రావు. కోడ్ నాణ్యత చూసే సోనార్‌క్యూబ్ కూడా టెస్ట్ ఫైళ్లని వేరే గంపలో పెట్టి కవరేజ్ లెక్కలోకి తీసుకోదు. గో భాషలో కూడా అండర్‌స్కోర్ టెస్ట్ ఫైళ్లు లెక్కలో ఉండవు. ఇన్ని టూల్స్ రాసిన వాళ్లు ఆలోచించకుండా పెట్టి ఉండరు కదా.

డూప్లికేట్ పేర్ల సంగతి అంటారా, దానికి లింటర్ ఉంది, అంటే కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు చూపించే టూల్. రఫ్‌లో ఎఫ్811 రూల్, పైలింట్‌లో ఈ0102, రెండూ పట్టేస్తాయి. జావాలో అయితే ఒకే సిగ్నేచర్‌తో (అదే పేరు, అవే ఇన్‌పుట్ రకాలు) రెండు మెథడ్లు రాస్తే కంపైలే కాదు. దీనికోసం రిపోర్ట్ నిండా టెస్ట్ ఫైళ్లు నింపుకుని, చూడాల్సినవి వాటి మధ్యలో వెతుక్కోవడం నాకు సరిగ్గా అనిపించలేదు.

పిల్లలమర్రి_క్యూఏ:

లింటర్ మాట నిజమే, పెట్టుకోవాల్సిందే, నేను కాదనట్లేదు. కానీ నేను చెప్పిన మిగతా రెండూ, అంటే రెయిజెస్ లోపలి అసర్టూ, ఖాళీ లూపూ, వాటిని ఎఫ్811 పట్టదు. కోడ్ రాసిన తీరులో తప్పు లేదు మరి, నడిచినప్పుడే తెలుస్తుంది. ఎవరూ వాడని ఫిక్స్చర్లూ (టెస్ట్‌కి ముందు కావాల్సినవి సిద్ధం చేసేవి), హెల్పర్ ఫంక్షన్లూ కూడా అంతే. అవి ఉండే కాన్ఫ్‌టెస్ట్ ఫైల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి, కొత్తగా చేరినవాళ్లు అవి ఏదో ముఖ్యమైనవి అనుకుని చదివి అర్థం చేసుకోవడానికి రోజులు పోగొట్టుకుంటారు.

జావాలో పేరు తప్పు రాదు సరే, ఇది టెస్ట్ అని చెప్పడానికి మెథడ్ పైన రాసే ఎట్ టెస్ట్ అనే యానోటేషన్ పెట్టడం మర్చిపోతే? మెథడ్ కంపైల్ అవుతుంది, చూడటానికి టెస్ట్ లాగే ఉంటుంది, ఎవరూ పిలవరు. అది ఎట్లా దొరుకుతుంది అన్నా మీకు?

శాతం గురించి మీరు అన్నదానికి మాత్రం నేనూ మీతోనే. రెండూ కలిపి ఒకే నంబర్ చూపించడం క్లయింట్‌ని తప్పుదారి పట్టించినట్టే.

వేములపల్లి_పైథాన్:

అంటే కొలవడం వేరు, క్లయింట్‌కి చూపించే నంబర్ వేరు అంటున్నారా? ఒకే రన్‌లో రెండూ అవుతాయా, లేక టెస్టులు రెండుసార్లు నడపాలా? మా టెస్టులు మొత్తం పూర్తవడానికి పదకొండు నిమిషాలు పడుతుంది, రెండుసార్లు అంటే లీడ్ అసలు ఒప్పుకోడు.

కొల్లాపూర్_మామిడి:

ఒకసారే చాలు. మేం ఇట్లాగే చేస్తున్నాం, పూర్తిగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట కాన్ఫిగ్‌లో ఒమిట్ తీసేసి, సోర్స్ దగ్గర మీ యాప్ ఫోల్డర్, టెస్ట్స్ ఫోల్డర్ రెండూ ఇవ్వండి. పైటెస్ట్ కవ్ ప్లగిన్ వాడుతుంటే కవ్ ఆప్షన్‌ని రెండుసార్లు రాయొచ్చు, ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్. టెస్టులు నడుపుతారు, డేటా ఫైల్ ఒక్కటే తయారవుతుంది. దాని మీద రిపోర్ట్ కమాండ్ రెండుసార్లు నడపండి, రిపోర్ట్‌కి పట్టేది సెకన్లే. మొదటిసారి ఒమిట్‌లో టెస్ట్స్ ఫోల్డర్ ఇచ్చి, ఫెయిల్ అండర్ (ఇంతకంటే తగ్గితే ఫెయిల్ చేయమనే ఆప్షన్) 71 పెట్టండి. క్లయింట్‌కి చూపించేది ఇదే, నిజమైన నంబర్, 80కి మెల్లగా టెస్టులు రాసుకుంటూ పెంచుకోండి. రెండోసారి ఇన్‌క్లూడ్‌లో టెస్ట్స్ ఫోల్డర్ ఇచ్చి, ఫెయిల్ అండర్ 100 పెట్టండి. ఫోల్డర్ పక్కన స్టార్ గుర్తు రాసినప్పుడు మొత్తాన్ని కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్ దాన్ని ముందే ఫైళ్ల పేర్లుగా విడగొట్టేసి ఏదో అర్థం కాని ఎర్రర్ వస్తుంది. ప్లగిన్‌లో ఉండే కవ్ ఫెయిల్ అండర్ మాత్రం వాడొద్దు, అది రెండూ కలిపిన మొత్తం మీద చూస్తుంది, మీ లీడ్ భయపడ్డది అదే.

టెస్టులకి 100 ఎందుకు, 95 చాలదా అని మా దగ్గర కూడా అడిగారు. చాలదు. 95 అంటే మీ 2000 లైన్లలో 100 లైన్లు ఎర్రగా ఉన్నా గేట్ ఒప్పుకుంటుంది, మీ రా రైస్ టెస్ట్ ఆ 100లో హాయిగా దాక్కుంటుంది. అసలు కోడ్‌కి 100 అంటే చాలామందికి భారమే, టెస్ట్ కోడ్‌కి భారం కాదు. కవరేజ్ డాట్ పై ఈ విషయంలో గట్టిగా ఉంటుంది, 99.99 ఉన్నా దాన్ని 100 అని రౌండ్ చేయదు.

నిజంగానే నడవలేని లైన్లు కొన్ని ఉంటాయి. విండోస్‌లో మాత్రమే నడిచే టెస్ట్ లినక్స్ సర్వర్‌లో స్కిప్ అవుతుంది, దాని లోపల అంతా ఎర్రగా వస్తుంది. రెండు చోట్లా నడిపే వీలుంటే కంబైన్ కమాండ్‌తో రెండు డేటా ఫైళ్లూ కలిపేయండి. వీలు లేకపోతే ఆ లైన్ దగ్గర ప్రాగ్మా నో కవర్ అని కామెంట్ పెట్టండి, కారణం కూడా పక్కనే ఒక ముక్క రాయండి. కారణం రాయని నో కవర్‌ని మేం రివ్యూలో వెనక్కి పంపేస్తాం.

ఒకటి మర్చిపోయాను, ఇది చాలామందికి తెలియదు. ఫైల్ పేరు టెస్ట్ అండర్‌స్కోర్‌తో మొదలవకపోతే, లేదా అండర్‌స్కోర్ టెస్ట్‌తో ముగియకపోతే పైటెస్ట్ ఆ ఫైల్‌ని తెరవనే తెరవదు. సోర్స్‌లో ఫోల్డర్ ఇచ్చి ఉంటే కవరేజ్ అలాంటి ఫైళ్లని కూడా వెతికి 0 శాతం అని చూపిస్తుంది, కానీ లోపలి సబ్‌ఫోల్డర్లలో ఇనిట్ ఫైల్ (ఫోల్డర్‌ని పైథాన్ ప్యాకేజీగా గుర్తించే ఫైల్) ఉంటేనే వాటిలోకి పోతుంది. మీ సబ్‌ఫోల్డర్లలో ఇనిట్ లేకపోతే ఖాళీదైనా సరే ఒకటి పెట్టి చూడండి.

రిపోర్ట్ నిండిపోతుంది అన్న దేవరకొండ అన్నకి: స్కిప్ కవర్డ్ అనే ఆప్షన్ ఇస్తే 100 ఉన్న ఫైళ్లు రిపోర్ట్‌లో కనపడవు. టెస్టులు అన్నీ 100లో ఉంటే మీ స్క్రీన్ మీద ఒక్క టెస్ట్ ఫైల్ కూడా రాదు. వచ్చిన రోజు అది చూడాల్సిందే.

వనపర్తి_బీటెక్:

నేను ఫైనల్ ఇయర్, ప్రాజెక్ట్ కోసం పైటెస్ట్ నేర్చుకుంటున్నాను. ఒక డౌట్. టెస్ట్ ఫైల్ కవరేజ్ 100 వచ్చిందంటే ఆ టెస్టులు మంచివని అర్థమా అక్కా?

పిల్లలమర్రి_క్యూఏ:

కాదమ్మా. లైన్ నడిచింది అని మాత్రమే అర్థం. ఫంక్షన్‌ని పిలిచి, వచ్చిన జవాబుని దేంతోనూ పోల్చకుండా వదిలేసిన టెస్ట్ కూడా 100 చూపిస్తుంది. అసర్ట్ ఉన్నా అది పనికొచ్చే అసర్టేనా అన్నది కవరేజ్ చెప్పలేదు.

దాన్ని చూసుకోవాలంటే ఒక పద్ధతి ఉంది, మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. అసలు కోడ్‌ని టూలే కావాలని చెడగొడుతుంది, ఉదాహరణకి ప్లస్ ఉన్నచోట మైనస్, 17 ఉన్నచోట 18, ఎక్కువ అన్నచోట ఎక్కువ లేదా సమానం. ఒక్కో మార్పుకీ టెస్టులు నడిపి, ఏదో ఒకటి ఫెయిల్ అయిందా లేదా చూస్తుంది. కోడ్ చెడిపోయినా అన్నీ పాస్ అయ్యాయంటే నీ టెస్టులు అక్కడ కాపలా కాయట్లేదని. పైథాన్‌లో మ్యుట్‌మట్ అనే టూల్ ఉంది. చాలా సమయం తీసుకుంటుంది, నీ ప్రాజెక్ట్ చిన్నదే కాబట్టి ఒక్క ఫైల్ మీద పెట్టి చూడు, బాగా అర్థమవుతుంది. టీమ్‌లో రోజూ నడపడం కష్టం, ముఖ్యమైన లెక్కలున్న ఫైళ్ల మీద అప్పుడప్పుడు నడిపితే మంచిది.

వేములపల్లి_పైథాన్:

వారం అయింది, ఏం జరిగిందో చెప్దామని వచ్చాను.

కొల్లాపూర్ అన్న చెప్పినట్టే రెండు రిపోర్టులు అని లీడ్‌కి చూపించాను. అసలు కోడ్ నంబర్ 71 దగ్గరే ఉంటుంది, దాన్ని ఎవరూ పెంచి చూపించట్లేదు అనేసరికి వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన అభ్యంతరం అంతా అక్కడే ఉండేది.

ఆ 100 ఎర్ర లైన్లు ఇద్దరం కూర్చుని ఒక మధ్యాహ్నం మొత్తం చూశాం. 40కి పైగా పాత హెల్పర్లే, ఎక్సెల్ నుంచి రసీదులు ఎక్కించే పద్ధతి ఉన్నప్పుడు రాసినవి, ఆ పద్ధతి తీసేసి రెండేళ్లయింది, వాటిని డిలీట్ చేశాం. డూప్లికేట్ పేర్లు ఇంకోటి దొరికింది, హమాలీ కూలి లెక్కలో, అదృష్టం బాగుండి అక్కడ అసలు కోడ్ సరిగ్గానే ఉంది. రెయిజెస్ లోపల అసర్టులు మూడు. వాటిని బయటికి జరిపితే ఒకటి ఫెయిల్ అయింది, కాంటా తూకం మైనస్‌లో వచ్చినప్పుడు చూపించే మెసేజ్‌లో లారీ నంబర్ రావాల్సిన చోట ఖాళీగా ఉంది.

అసలు విషయం సబ్‌ఫోల్డర్లలో ఇనిట్ ఫైళ్లు పెట్టాక బయటపడింది. తేమ లెక్క టెస్టులన్నీ ఉన్న ఫైల్ ఒకటి 0 శాతంతో వచ్చింది. దాని పేరు తేమ అండర్‌స్కోర్ టెస్ట్స్, చివర్లో ఒక్క ఎస్ ఎక్కువ ఉండటం వల్ల పైటెస్ట్ దాన్ని ఒక్క రోజు కూడా తెరవలేదు. పేరు మార్చి నడిపితే ఆరింటిలో ఒకటి ఫెయిల్. వడ్లలో తేమ 17 శాతం వరకు తీసుకోవచ్చు, దాటితేనే ఆరబెట్టమనాలి. మా కోడ్ సరిగ్గా 17.0 వచ్చినా ఆరబెట్టాలి అని ఎర్ర గుర్తు వేస్తోంది. మీటర్‌లో సరిగ్గా 17.0 పడిన రైతు వడ్లు దించుకోకుండా ఎండలో ఇంకో రోజు ఆపి ఉంటారు ఎక్కడో, అది తలుచుకుంటే బాధేస్తుంది. రాసినవాళ్లు ఆ హద్దు గురించి ఆలోచించి మరీ టెస్ట్ రాసి పెట్టారు, మేమే దాన్ని నడవనివ్వలేదు. అదే రోజు సాయంత్రం సరిచేసి మిల్లులన్నిటికీ పంపాం, ఆ గుమస్తాకి నేనే ఫోన్ చేసి రెండు తప్పులూ చెప్పాను.

ఇప్పుడు టెస్టుల కవరేజ్ 100, నో కవర్ ఒక్కచోటే ఉంది, రసీదు ప్రింటర్ టెస్ట్ దగ్గర, అది విండోస్ మీదే నడుస్తుంది. కారణం పక్కన రాశాను. రఫ్‌లో ఎఫ్811 కూడా ఆన్ చేశాం.

దేవరకొండ_జావా:

పిల్లలమర్రి క్యూఏ గారు యానోటేషన్ గురించి అడిగింది మనసులో ఉండిపోయింది. జాకోకో ఏజెంట్ అన్ని క్లాసుల డేటా ఎట్లాగూ రాస్తుంది, రిపోర్ట్ దగ్గరే వడపోత జరుగుతుంది. అందుకని దాని కమాండ్ లైన్ టూల్ తీసుకుని, క్లాస్‌ఫైల్స్ దగ్గర టెస్ట్ క్లాసెస్ ఫోల్డర్ ఇచ్చి విడిగా ఒక రిపోర్ట్ తీశాను. మా పాత మాడ్యూల్‌లో ఎట్ టెస్ట్ లేని మెథడ్లు రెండు దొరికాయి. ఒకటి పెట్టగానే పాస్ అయింది. రెండోది ఫెయిల్ అవుతోంది, తేదీల లెక్కలో ఏదో తేడా ఉంది, సోమవారం కూర్చుని చూడాలి.